ఇసుక అల్లుడుగారు

3, సోమవారం

ఇరవై ఆరేళ్ల సర్వీసు తర్వాత నన్ను మళ్ళీ బెంచీ మీద కూర్చోబెట్టారు. పన్నెండు రోజుల శిక్షణ. పొద్దున పూట ప్రాణం ఎలా పోగొట్టుకోకూడదో చెబుతారు, దాని పేరు సేఫ్టీ. మధ్యాహ్నం పూట కరెంటు ఎలా పోగొట్టుకోకూడదో చెబుతారు, దాని పేరు ఎనర్జీ ఆడిట్. మొత్తం నలభై మందిమి. ప్రస్తుతం ముప్పై తొమ్మిది మంది కళ్ళు తెరుచుకునే నిద్రపోతున్నారు. నేనొక్కణ్ణే తల వంచి రాసుకుంటున్నాను. రాసుకునేది ఇదని మాస్టారికి తెలియదు. ఇందాక ఈల ఊది అందరినీ లేపి, ఆయన్ని చూసి నేర్చుకోండయ్యా, తల నెరిసినా శ్రద్ధ పోలేదు అని నన్ను చూపించాడు. పదో తరగతి మూడుసార్లు తప్పినవాణ్ణి. క్లాసులో మెప్పు రావడం ఇదే మొదలు. పెన్ను ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

ఈ మాస్టారు మాటకంటే ఈల ఎక్కువ వాడతాడు. ఒకటి ఊదితే కూర్చోవాలి, రెండు ఊదితే లేవాలి, మూడు ఊదితే టీ. మూడో ఈలకి మాత్రం ఎవరూ పొరపాటు పడరు.

అసలు సంగతి రాస్తాను. ఈ ఏడు కొత్త రూలు పెట్టారు. పన్నెండో తేదీన ప్రతి లైన్‌మనూ ఇరవై ఐదు అడుగుల స్తంభం ఎక్కాలి. పైన షాక్ కొట్టి వేలాడుతున్న మనిషి ఉంటాడు, అంటే బొమ్మ. వాడి చంకల కింద తాడు కట్టి, వాడి బెల్టు విప్పి, నాలుగు నిమిషాల్లో కిందికి దింపాలి. నాలుగు దాటితే నిజం మనిషైతే దక్కడట. దింపలేనివాడికి ఇక లైను ఎక్కే పని లేదు. ఫిర్యాదుల గదికి పంపుతారు. చెవికి ఫోను తగిలించి కూర్చోబెడతారు.

ఆ గదికి పెద్ద మా తోడల్లుడు.

నాకంటే ఎనిమిదేళ్లు చిన్న, నాకంటే ఎనిమిదింతలు ఇస్త్రీ. మా అత్తగారింట్లో పదిహేనేళ్లుగా వాడు కుర్చీ మనిషి, నేను స్తంభం మనిషి. వాడి కింద పనిచేసే రోజే వస్తే మా ఆవిడ చెల్లెలు ఎలా నవ్వుతుందో నాకు ఇక్కడినుంచే వినిపిస్తోంది.

మోకాలు నొప్పిగా ఉంది. ఎడమది.

4, మంగళవారం

బొమ్మను చూపించారు. మనిషి ఆకారంలో కుట్టిన డెబ్బై కిలోల ఇసుక మూట. నీలం డ్రెస్సు, హెల్మెట్, ముఖానికి నల్లటి అద్దం. మాస్టారు చెప్పినవి వరసగా రాసుకున్నాను, ఈసారి నిజంగానే. తనంతట తాను కదలడు. మనమే మోయాలి. ఎక్కడా దెబ్బ తగలకూడదు. ఎంత చేసినా బాగుందని అనడు. తేడా వస్తే మాత్రం తప్పు మనదే.

నేను చెయ్యెత్తి, "మాస్టారూ, ఇది అచ్చం అల్లుడండీ. నేనూ ఒకింటి అల్లుణ్ణే, నాకు తెలుసు" అన్నాను. ముప్పై తొమ్మిది మందికీ మెలకువ వచ్చింది. అప్పటినుంచి అది అల్లుడుగారు. టీ తర్వాత షెడ్డు వెనక నక్కి, అల్లుడుగారి గొంతు పెట్టి, కట్నం సంగతి తేలిస్తేగానీ దిగనని అరిచాను. సాయంత్రానికి మాస్టారే నోరు జారాడు, అల్లుడుగార్ని ఎండలోంచి తీయండయ్యా అని.

5, బుధవారం

టీ వేళ మాస్టారి ఈలలోంచి గోళీ తీసేశాను. ఊదితే హుఫ్ అని గాలి తప్ప ఏమీ రాలేదు. నాలుగుసార్లు ఊది, ఈలని చెవి దగ్గర ఆడించి, చివరికి నోరు తెరిచి పిలవాల్సి వచ్చింది. అంత మీసానికి పిల్లిపిల్ల గొంతు. పాపం, అందుకన్నమాట ఆ ఈల. సాయంత్రం గోళీ మళ్ళీ వేసేశాను.

నాకూ ఒక నీతి ఉంది. మనిషితో పరాచికమాడతాను, పనిముట్టుతో ఆడను. బెల్టు, తాడు, రబ్బరు గ్లవుసులు, ఎర్తు రాడ్డు, వీటి జోలికి ఇరవై ఆరేళ్లలో ఒక్కనాడు పోలేదు.

ఇంటికి ఫోన్ చేశాను. మా ఆవిడ అన్నీ అడిగింది. మంచం ఎలా ఉంది, నీళ్లు ఎలా ఉన్నాయి, నోరు అదుపులో ఉందా. చివర్లో గొంతు తగ్గించి, "ఎక్కుతారా?" అంది. దేనికి అన్నాను. ఏం లేదులెండి అని పెట్టేసింది.

6, గురువారం

ఆడిట్ మేడమ్ మీటరు ముల్లులా ఉంటుంది. సన్నం, నిటారు, ఉన్నదే చూపిస్తుంది. ఇద్దరిద్దర్ని జంటలు చేసి, మేముండే హాస్టల్లో ఎంత కరెంటు దేనికి పోతోందో లెక్క తీయమంది. ప్రతి లైటూ, ప్రతి ఫ్యానూ, అది రోజుకి ఎన్ని గంటలు తిరుగుతుందీ రాసి, మొత్తం మీటరుతో సరిచూడాలి.

నాకు జంట ఒక కొత్త లైన్‌వుమన్. నలభై ఐదు కిలోలుంటుందేమో. తీగ మీద వాలితే తీగ కూడా ఊగదు అన్నాను, పిచ్చుక అని పేరు పెట్టాను. నన్ను ఎగాదిగా చూసి, నువ్వు వాలితే స్తంభమే ఊగుతుంది బాబాయ్ అంది. పనికొచ్చే మనిషే. ఇద్దరు పిల్లల్ని వాళ్లమ్మ దగ్గర వదిలి వచ్చింది. రెండేళ్ల నుంచి ఉద్యోగం ఖాయం కాలేదట. ఈ శిక్షణలో నెగ్గితేనే ఖాయం చేస్తారు, లేకపోతే ఇంటికే.

మా లెక్కకి రోజుకి అరవై రెండు యూనిట్లు వచ్చింది. మీటరు డెబ్బై మూడు అంటోంది. పదకొండు తేడా. మేడమ్ ముందే చెప్పింది, తేడా ఎక్కడిదో తెలియకపోతే తెలియదని రాయండి, లెక్క కుదర్చకండి అని. అలా రాస్తే లైన్‌మన్ పరువేం కాను. మెట్ల కింది గదిలో ఆరు ఫ్యాన్లు రాత్రింబవళ్ళు తిరుగుతున్నట్టు రాసి పదకొండూ తేల్చేశాను.

మేడమ్ కాగితం చూసి, "పదండి, ఆ ఫ్యాన్లు చూద్దాం" అంది.

ఆ గది ఎంత ఇరుకంటే చీపురు కూడా ఏటవాలుగా ఉంటుంది. తలుపు తీసి ముగ్గురం కాసేపు చీపుర్ని చూశాం. రిపేరుకి తీసుకుపోయినట్టున్నారు మేడమ్ అన్నాను. ఆవిడ నవ్వలేదు. పెన్సిలు చెవి మీద పెట్టుకుని వెళ్లిపోయింది.

తేడా పిచ్చుకే పట్టింది. మిద్దె మీది ట్యాంకు ఇనప నిచ్చెన చరచరా ఎక్కి చూసింది. ట్యాంకు నిండిపోయినా మోటారు ఆగడం లేదు, వెనక తూములోంచి నీళ్లు పోతూనే ఉన్నాయి. రోజూ పదకొండు యూనిట్లు అక్కడ పారుతున్నాయి. నేను కింద నిలబడి సలహాలు చెప్పాను. నువ్వూ రా బాబాయ్ అంది.

మోకాలు అన్నాను.

7, శుక్రవారం

మోకాలు.

8, శనివారం

అభ్యాసానికి స్తంభాల దగ్గరికి తీసుకెళ్లారు. నేను నర్సమ్మ గదికి వెళ్లాను. ఏ మోకాలు అంది. కుడిది అన్నాను. నిన్న ఎడమది అని రాయించుకున్నారే అంది. నొప్పి తిరుగుతోందమ్మా అన్నాను. నర్సమ్మ రెండూ నొక్కింది, మడిచింది, చాచింది. మీ మోకాళ్లు నా మోకాళ్లకంటే బాగున్నాయి అని రెండు బిళ్లలు ఇచ్చి పంపింది.

బయట మా పొడుగోడు నిలబడి ఉన్నాడు. వీడు నా సెక్షన్లోనే పనిచేస్తాడు, పదేళ్లుగా నాకు జత. పక్కకి పిలిచాడు. వాడికి బదిలీ కాగితం వచ్చిందట. ఈ శిక్షణ అవగానే వేరే ఊరు, వేరే సెక్షను.

"అన్నా, నెలన్నావు, రెండు నెలలన్నావు, నీ బదులు ఎక్కాను. పద్నాలుగు నెలలైంది. ఇక్కడ పేరు పెట్టి పిలుస్తారు, ఫొటో చూస్తారు. ఇక్కడ నీ బదులు నేను ఎక్కలేను" అన్నాడు.

నిన్నెవడు ఎక్కమన్నాడురా అన్నాను. వాడు బదిలీ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. వాడు తిడితే బాగుండేది.

9, ఆదివారం

సెలవు. అందరూ బట్టలు ఉతుక్కుంటున్నారు. నేను ఒక్కణ్ణే స్తంభాల దగ్గరికి వెళ్లాను. మూడు మెట్లు ఎక్కాను. దిగాను. బూట్లు జారుతున్నాయి. మళ్ళీ మూడు ఎక్కాను. బెల్టు బిగుతు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఎవడు పుట్టించాడోగానీ వాడు లైన్‌మన్ అయ్యుంటాడు.

అసలు జరిగింది రాస్తే పోయేదేముంది, చదివేది నేనే.

పద్నాలుగు నెలల కిందట ఒక వీధి మలుపులో స్తంభం మీద ఉన్నాను. అడ్డ ఇనుము మీద చెయ్యి వేశాను. దాని వెనకనుంచి ఒక పావురం నా ముఖం మీదికి లేచింది. అంతే. షాకు లేదు, జారడం లేదు, గోరు కూడా విరగలేదు. పావురం ఎగిరిపోయింది. నేను గంటన్నర స్తంభాన్ని వాటేసుకుని ఉన్నాను. కింద జనం అడిగితే తీగల కింది పింగాణీలు తనిఖీ చేస్తున్నానని చెప్పాను. ఒక పెద్దాయన, ఎంత శ్రద్ధగా చూస్తున్నాడో అన్నాడు. పొడుగోడే ఎక్కి నా వేళ్లు ఒక్కొక్కటే విప్పి దింపాడు.

పులి అయితే చెప్పుకోవచ్చు. పావురం అని ఎవరికి చెప్పను.

10, సోమవారం

బ్రహ్మాండమైన ఆలోచన.

అల్లుడుగార్ని పైన వేలాడదీసేది మనుషులు కాదు, బకెట్ బండి. పొద్దున్నే డ్రైవరు బొమ్మని బకెట్లో వేసి పైకి లేపి, అడ్డ ఇనుముకి బెల్టుతో తగిలించి వచ్చేస్తాడు. రేపు అభ్యాసం, ఎల్లుండి పరీక్ష. రేపు బొమ్మ బదులు నేను వేలాడతాను. జాబితాలో మొదటి పేరు పొడుగోడిది. వాడు ఎక్కి తాడు కట్టేటప్పుడు, భోజనం అయిందా అల్లుడూ అని పలకరిస్తాను. ఇలాంటిది ఈ శిక్షణా కేంద్రం పుట్టాక ఎవడూ చేసుండడు.

పైగా ఎక్కే పని లేదు, బండి ఎక్కిస్తుంది. పైన ఒక పావుగంట ఊరికే ఉంటే ఎల్లుండికి భయం కొంచెం మోకాలు కొంచెం సర్దుకుంటుంది.

డ్రైవరు ఒప్పుకున్నాడు. మాస్టారు మొన్న వాడి చేత కూడా ఈలకి లేచి కూర్చోవడాలు చేయించాడట.

పనిముట్టుతో పరాచికం కాదా ఇది అని నాకే అనిపించింది. బొమ్మ పనిముట్టు కాదు. అల్లుడు.

11, మంగళవారం

నర్సమ్మ గదిలో మంచం మీద కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు పాకుతున్నాయి.

ఏడింటికి అల్లుడుగార్ని షెడ్డు వెనక గోడవైపు తిప్పి నిలబెట్టి, ఆయన డ్రెస్సు నేను వేసుకున్నాను. లోపలంతా ఇసుక గరగర. నల్లద్దం దించుకున్నాను. బకెట్లో కళ్ళు మూసుకునే పైకి వెళ్లాను. డ్రైవరు బెల్టు తగిలించి, వస్తా అన్నా అని బకెట్టు దించుకుని టీకి పోయాడు. అప్పుడు కళ్ళు తెరిచాను.

తెరవకుండా ఉండాల్సింది. రెండు చేతులూ వాటంతట అవే వెళ్లి స్తంభాన్ని పట్టేశాయి. అవి నా చేతులేగానీ నా మాట వినలేదు.

కింద అందరూ చేరారు. మాస్టారు ఈల ఊది చెప్పాడు. రేపు వాన పడుతుందంటున్నారు, కాబట్టి అభ్యాసం లేదు, ఇదే పరీక్ష. ఒక్కటే అవకాశం. జాబితా వరస కూడా కాదు, చీటీలు తీస్తాను. మొదటి చీటీ తీశాడు.

పిచ్చుక.

మాస్టారూ ఆగండి, నేనండీ, పైనున్నది నేను అని అరిచాను. కింద ఒకటే నవ్వులు. మొన్న షెడ్డు వెనకనుంచి అల్లుడుగారి గొంతు పెట్టింది ఎవరు మరి. మాస్టారు షెడ్డువైపు తిరిగి, "ఎక్కడ నక్కినా బయటికి రావయ్యా, పరీక్ష జరుగుతోంది" అని పిల్లిపిల్ల గొంతుతో కసిరి ఈల ఊదాడు. పొడుగోడు కింద తాడు పట్టుకున్నాడు. ఆమె ఎక్కడం మొదలెట్టింది.

ముప్పావు నిమిషంలో నా పక్కనుంది. నేర్పినట్టే నా చంకల కింద తాడు వేయబోయింది. చెయ్యి దూరలేదు. ఇసుక బొమ్మ స్తంభాన్ని వాటేసుకోదు కదా. అద్దం పైకెత్తింది. నా కళ్ళు చూసింది.

"బాబాయ్" అంది. తర్వాత చాలా చెడ్డ మాట అంది. తర్వాత, "చేతులు వదులు" అంది.

"వదిలితే పడతాను."

"బెల్టుకి ఉన్నావు. పడవు. పరాచికాలొద్దు, నా టైము పోతోంది."

"పరాచికం కాదమ్మా. నాకు భయం. పద్నాలుగు నెలలైంది స్తంభం ఎక్కి."

ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి చెప్పలేదు. అలాంటిది ఇరవై ఐదు అడుగుల ఎత్తున, ఇసుక అల్లుడి బట్టల్లో, వారం కిందట పరిచయమైన మనిషికి చెప్పాను. ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. జాలితో కాదు. తిట్టు మింగుకోవడానికి.

"సరే, విను. నువ్విప్పుడు లైన్‌మన్‌వి కాదు. అల్లుడుగారివి. అల్లుడుగారు ఏం చేస్తాడు?"

"ఏం చెయ్యడు."

"మరి నువ్వెందుకు చేస్తున్నావు? ఏమీ చెయ్యకు. స్తంభం పట్టుకునే పని కూడా నీది కాదు. అన్నీ నేను చూసుకుంటాను."

నా జన్మలో నాకు ఇంత సుళువైన పని ఎవరూ చెప్పలేదు. అయినా చేతకాలేదు. ఆమె చిటికెన వేలితో మొదలెట్టి వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. ఒక చెయ్యి విప్పి రెండోదానికి వెళితే మొదటిది మళ్ళీ పట్టేది. చివరికి నా రెండు చేతుల్ని తన చున్నీతో కలిపి కట్టేసి, తాడు వేసి, నా బెల్టు విప్పి, కిందికి చూసి వదులు అంది. దిగేంతసేపూ కళ్ళు మూసుకుని, నేను ఇసుక, నేను ఇసుక అనుకున్నాను.

కింద పడుకోబెట్టి అద్దం తీశారు. నేనని తెలిసేసరికి మైదానమంతా దొర్లి దొర్లి నవ్వింది. బిగుసుకున్న నా వేళ్లు చూసి, ఇంకా నటిస్తున్నాడు చూడరా అన్నారు. అయిదు నిమిషాల పది సెకన్లు, తప్పింది అని మాస్టారు పలక మీద రాశాడు. నన్ను నర్సమ్మ గదికి పంపి, అసలు అల్లుడుగార్ని పైకెక్కించి మిగతావాళ్ల పరీక్ష కానిచ్చాడు.

నవ్వని వాళ్లు ఇద్దరే. పొడుగోడు. పిచ్చుక.

12, బుధవారం

వాన. నా పేరు మార్మోగుతోంది. పొద్దున్నుంచి ఆరుగురు వచ్చి చెయ్యి కలిపారు. ఎంత నటనయ్యా, కళ్ళల్లో నీళ్లు కూడా తెప్పించావు అన్నారు. అవును అన్నాను.

మాస్టారు రిపోర్టు రాస్తున్నాడట. నేనూ పిచ్చుకా కలిసి ఆడిన నాటకమట ఇది. ఆడిట్లో జంట కదా, అప్పటినుంచీ ఇద్దరూ ఒకటే కిచకిచలట. ఆమెకి పరీక్ష తప్పినట్టు ఒక కాగితం, సేఫ్టీని ఎగతాళి చేసినట్టు ఇంకో కాగితం. రెండో కాగితం చాలు, ఆమె ఉద్యోగం ఖాయం కాదు. నాకు మాత్రం హెచ్చరికతో సరిపెడతారట, పాతవాణ్ణి కదా. మోకాలు తగ్గాక నా సెక్షన్లోనే పరీక్ష పెడతారట. అక్కడ ఫొటో ఎవడూ చూడడు, పొడుగోడు పోయినా నా బదులు ఎక్కేవాడు ఇంకెవడో దొరుకుతాడు.

అంటే నేను నోరు మూసుకుంటే చాలు.

ఆమె చిన్నది, ఇంకో ఉద్యోగం దొరక్కపోదు. నాకు యాభై దగ్గరపడుతున్నాయి. అయినా నేనేం కావాలని చేశానా. చీటీలో ఆమె పేరు రావడం నా తప్పా. వానది కదా తప్పు.

టీ అయింది. పై అయిదు వాక్యాలు మూడుసార్లు చదివాను. మెట్ల కింది ఆరు ఫ్యాన్లలా ఉన్నాయి.

వెళ్లొస్తాను.

అదే రోజు, భోజనం తర్వాత

స్టాఫు గదిలో మాస్టారు, మేడమ్, నర్సమ్మ ఉన్నారు. నిలబడి మొత్తం చెప్పాను. పావురంతో సహా. పావురం దగ్గర నర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మాస్టారు చేతులు కట్టుకుని విన్నాడు. "నిన్న బొమ్మ వేషం కట్టావు. ఇవాళ పిరికివాడి వేషం. రేపేమిటి? ఈల గోళీ తీసింది నువ్వని నాకు తెలియదనుకున్నావా?" అన్నాడు.

నిజం అన్నాను. అమ్మతోడు అన్నాను. నేను ఎంత నిజం చెబితే అది అంత అబద్ధంలా వినిపించింది. ఇన్నేళ్లూ నవ్వించి నవ్వించి, ఒక్కసారి ఏడుద్దామంటే ఎవరూ నమ్మలేదు.

మేడమ్ చెవి మీదనుంచి పెన్సిలు తీసింది. "ఆయన చెప్పేది ఎందుకు వినడం? కొలుద్దాం" అంది.

నర్సమ్మ దగ్గర వేలికి తగిలించే క్లిప్పు ఉంటుంది, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చూపిస్తుంది. వాన కాస్త తెరిపిచ్చింది. అందరూ స్తంభం దగ్గరికి వచ్చారు. ముప్పై తొమ్మిది మందీ కూడా. ఇంకో నాటకం అనుకుని ముందే నవ్వుతున్నారు. పనిచేయలేనని రుజువు చేయడానికి పని దగ్గరికి వెళ్లిన లైన్‌మన్ భూమ్మీద నేనొక్కణ్ణే.

నేల మీద ఎనభై నాలుగు. మొదటి మెట్టు నూట పన్నెండు. మూడో మెట్టు నూట ముప్పై తొమ్మిది. అయిదో మెట్టు నూట అరవై ఒకటి. నర్సమ్మ చదువుతుంటే మేడమ్ గళ్లు గీసి రాసుకుంటోంది. ఊపిరి బిగబట్టి తెప్పిస్తున్నాడు అన్నాడొకడు. మేడమ్ పొడుగోణ్ణి కూడా ఎక్కించి చూసింది. అయిదో మెట్టు మీద వాడిది తొంభై ఆరు. ఊపిరి బిగబట్టమంది. తొంభై తొమ్మిది.

నేను ఇంకా అయిదో మెట్టు మీదే ఉన్నాను. చేతులు పట్టేశాయి. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోవడం వీపుకి తెలిసింది. నా జీవితంలో జనం నన్ను చూసి నవ్వు ఆపడం ఇదే మొదటిసారి. దిగిపోవడం కంటే అదే ఎక్కువ కష్టంగా ఉంది.

పొడుగోడు వచ్చి వేళ్లు విప్పాడు. వాడికి అలవాటే.

మాస్టారు ఈల జేబులో పెట్టుకున్నాడు. మేడమ్ కాగితం రెండుసార్లు చూశాడు. తర్వాత, "ఈ పద్నాలుగు నెలలూ ఎవరు ఎక్కారయ్యా నీ బదులు?" అన్నాడు. పొడుగోడు నేలచూపు చూశాడు. మా వైపు స్తంభాలు పొట్టివండీ అన్నాను. మాస్టారు కాసేపు నా ముఖమే చూసి, అది మాత్రం రాయలేదు.

పిచ్చుక రిపోర్టు చింపేశాడు. ఆమెకి మళ్ళీ పరీక్ష, ఎల్లుండి. "ఇక్కడ అందరూ ఇసుకనే దింపారు. నిజంగా బిగుసుకున్న మనిషిని దింపింది ఈమె ఒక్కతే" అని అందరి ముందూ అన్నాడు, ఆ పిల్లిపిల్ల గొంతుతోనే. ఎవరూ నవ్వలేదు.

ఆమె దగ్గరికి వెళ్లాను. క్షమించమందామని. ఆమె చున్నీకి అంటిన ఇసుక దులుపుకుంటోంది.

"బాబాయ్, నిజం చెప్పావని నీ కాళ్లకేం దండం పెట్టను. పోగొట్టిందీ నువ్వే, తెచ్చిందీ నువ్వే. చెల్లుకి చెల్లు. ఎల్లుండి నా కంటికి కనపడకు."

14, శుక్రవారం

కనపడ్డాను. కింద తాడు పట్టుకునేవాడు కావాలి. పొడుగోడికి జ్వరం, వానలో స్తంభం మీద కొలతలిచ్చాడు కదా. మాస్టారు నన్ను చూపించాడు. ఆమె నన్నూ తాడునీ మార్చి మార్చి చూసి, నేను చెప్పేదాకా వదిలావో చూడు అంది. పరాచికం ఆడనమ్మా అన్నాను. ఆడలేదు.

ఈసారి పైకి అసలు అల్లుడుగారే, ఇసుకాయనే వచ్చారు. రెండు నిమిషాల యాభై సెకన్లు. నా చేతుల్లోంచి తాడు ఒక్కసారి కూడా జారలేదు. నేల మీద ఉన్నంతసేపూ ఇవి మంచి చేతులే.

మాస్టారు ఊదిన ఈల ఎన్నోదో ఎవరూ లెక్కపెట్టలేదు. అందరూ టీకి వెళ్లిపోయారు.

15, శనివారం

కాగితాలిచ్చారు. పిచ్చుకది ఖాయం. పిల్లలకి ఫోన్ చేసి చెబుతూ నావైపు చూసింది, చూసి అటు తిరిగింది. తిరిగేముందు కొంచెం నవ్విందేమో. నేనలా అనుకుంటున్నాను.

నాది ఫిర్యాదుల గది. సోమవారం నుంచి. కాగితంలో కారణం అన్న చోట ఖాళీ ఉంది, మీరే రాయండి అన్నాడు మాస్టారు. మోకాలు అని రాసినా సంతకం పెట్టేలా ఉన్నాడు. భయం అని రాసిచ్చాను. చదివి, నా కుర్చీకి ఎదురుగా ఇంకో కుర్చీ లాగి టీ తెప్పించాడు. ఈల లేకుండా.

మా ఆవిడకి చెప్పాను. పావురం అని కూడా చెప్పాను. నవ్వుతుందేమో అనుకున్నాను. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "ఇక మీరు డ్యూటీకి వెళ్లినప్పుడల్లా నేను ఫోను వంక చూస్తూ కూర్చోనక్కర్లేదు" అంది. ఇరవై ఆరేళ్లలో ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. ఇద్దరం ఇద్దరమే.

ఇక మిగిలింది తోడల్లుడు. ఆర్డరు వెళ్లి వాడు నవ్వేలోపు నేనే చెప్పేద్దామని ఫోన్ చేశాను. నా నోటితో నేనే చెబితే కనీసం మాటలు నావి ఉంటాయి. చెప్పాను. వెక్కిరిస్తాడని చెవి దూరంగా పెట్టుకున్నాను.

"అన్నయ్యా" అన్నాడు. ఆ పిలుపులో ఎప్పుడూ ఉండే వెటకారం కోసం వెతికాను, దొరకలేదు. "ఇక్కడ రోజంతా గోడ చూస్తూ తిట్లు వినాలి. మొదట్లో కష్టంగా ఉంటుంది. కిటికీ పక్క సీటు నాది. మీరు తీసుకోండి. చల్లగాలి వస్తుంది, వీధంతా కనిపిస్తుంది."

పదిహేనేళ్లుగా వీణ్ణి తప్పుగా లెక్కేశాను. సర్దుకుని, గది ఎన్నో అంతస్తు అని అడిగాను.

మూడో అంతస్తు అన్నాడు.

గోడ పక్కన ఇవ్వరా తమ్ముడూ అన్నాను.